ఎడమకి తిరిగిన మెలిక

ఏడో మనిషి స్వెట్టర్‌లో తప్పుందని కనిపెట్టింది హెబ్డెన్.

నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న చర్చికి పెద్ద. ఎక్కడ తప్పు కనబడినా ఎర్రసిరా పెన్ను కోసం చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

గాలివానకి వదులైన రంగుటద్దాల కిటికీని దించి బల్లమీద పెట్టారు. అద్దాల్లో ఒక పడవ, పడవలో ఏడుగురు మనుషులు.

ఆరుగురు ఈ ఊరి లైఫ్‌బోటు వాళ్ళే. యాభై మూడేళ్ళ కిందట తుఫానులో ఒక మనిషిని కాపాడబోయి, అతనితోపాటే మునిగిపోయారు. ఏడోవాడు ఆ మనిషే. శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది గానీ, ఏ ఊరో, ఏ పడవో ఎవరికీ తెలియలేదు. గోడమీది రాతిపలకలో ఆరు పేర్లున్నాయి. ఏడో పేరు కోసం వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఏటా సంస్మరణ రోజున ఆరు పేర్లు చదివి, ఏడో పేరుకి బదులు ఒక గంట కొడతారు.

"చూడు మేవిస్. గుండెమీద అయిదు జడలు అల్లినట్టు గీశాడు. మెలికలన్నీ కుడికి తిరిగాయి. నాలుగో జడలో ఒక్కటి మాత్రం ఎడమకి. గీసినవాడు ఆ పూట మందు కొట్టి ఉంటాడు."

మేవిస్ చర్చిలో పూలు సర్దుతుంది. చేతిలో పని ఆపకుండానే అంది.

"ఉండనివ్వండి హెబ్డెన్ గారూ. మా అమ్మమ్మ తాతకి అల్లే స్వెట్టర్లలోనూ ఇలాంటి తప్పు ఒకటి ఉండేది. అదేంటని అడిగితే నీకెందుకే అనేది."

"మీ అమ్మమ్మకి లెక్క తప్పితే మనమూ తప్పాలా? ఆదివారం సంస్మరణకి ఊరంతా వస్తుంది. రేపు పనివాడు రాగానే ఆ ముక్క మార్పించేస్తాను."

అప్పుడే తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. స్కార్ఫు తడిసి తలకి అతుక్కుపోయింది.

"అయ్యా, ఇక్కడి పడవ కిటికీ చూడాలి."

హెబ్డెన్ గబుక్కున బల్లమీద గుడ్డ కప్పేశాడు. ఊడదీసిన కిటికీ పరాయివాళ్ళ కంట పడటం అతనికి నామోషీ.

"మరమ్మతులో ఉందమ్మా. గురువారం రండి."

"దగ్గరగా ఒక్కసారి చూసి పోతాను. నాకు చూపు ఆనదు."

"గురువారం అయితే తీరిగ్గా చూడొచ్చు."

"ఎక్కడినించి వచ్చావు తల్లీ?" అడిగింది మేవిస్.

"ఉత్తరాన చాలా దూరంనించి. స్కాట్లండ్. ఈ తీరం వెంట నాకిది పదకొండో చర్చి."

"అన్ని చర్చిలు ఎందుకూ?"

"చూశాక చెప్తాను" అంది ముసలావిడ.

ఆవిడ వెళ్ళగానే హెబ్డెన్ నవ్వాడు.

"చూశాక చెప్తుందట. చర్చిలు లెక్కేసుకునే టూరిస్టు."

రెండు రోజులూ ఆవిడ సముద్రానికి ఎదురుగా బెంచీమీద కూర్చుంది. చిప్స్ సగం తిని సగం సీగల్ పక్షులకి వేసేది. మిగతా సేపంతా ఏదో అల్లుకునేది. చూపు ఆనదన్న మనిషి వేళ్ళు అంత చకచకా ఎలా ఆడుతున్నాయో మేవిస్‌కి అర్థం కాలేదు.

గురువారం హెబ్డెన్ తనే గుడ్డ తీశాడు.

"చూడండి. కొత్తదానిలా లేదూ?"

ముసలావిడ వంగింది. ఆరుగురినీ వదిలేసి తిన్నగా ఏడో మనిషి దగ్గరికి పోయింది. ముక్కు అద్దానికి తగిలేంతగా వంగి, వేలు పెట్టి జడలు లెక్కపెట్టింది. నాలుగోదాని దగ్గర ఆగింది. పైనించి కిందికి, కిందినించి పైకి మళ్ళీ మళ్ళీ వేలితో వెతికింది.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయా బాబూ? నా కళ్ళు మోసం చేస్తున్నాయేమో. ఎక్కడా తప్పు లేదూ?"

మేవిస్ నోరు తెరవబోయింది. హెబ్డెన్ కళ్ళతోనే నోరు మూయించాడు.

"మా కిటికీలో తప్పా? వెతికినా దొరకదమ్మా. నాదీ పూచీ."

ముసలావిడ నడుము ఎత్తింది.

"అయితే ఇతను కాదు" అని తనలో తను అనుకుంది. స్కార్ఫు ముడి బిగించుకుంది. "పోనీలెండి. శ్రమ ఇచ్చాను."

"టీ తాగి వెళ్ళు తల్లీ" అంది మేవిస్.

"మూడు గంటల బస్సు పోతుందమ్మా."

తలుపు మూసుకోగానే మేవిస్ అడిగేసింది.

"తప్పు దిద్దామని చెప్పేస్తే మన సొమ్మేం పోయేది?"

"ఇంటిగుట్టు దారిన పోయేవాళ్ళకి చాటింపు వేయాలా?"

శనివారం, మర్నాడు చదవాల్సిన పేర్ల కాగితం కోసం హెబ్డెన్ పాత సొరుగు తిరగేశాడు. అడుగున ఒక ఉత్తరం దొరికింది. కిటికీ గీసిన ఆయన అప్పటి చర్చి పెద్దకి రాసింది.

మేవిస్ పైకి చదివింది.

"ఏడో మనిషి స్వెట్టర్‌ని శవం మీద ఉన్నది ఉన్నట్టు గీశాను. నాలుగో జడలో ఎడమకి తిరిగిన మెలిక పొరపాటు కాదు. నీళ్ళపాలైనా తన మనిషిని పోల్చుకోడానికి ఎవరో ఆడమనిషి కావాలని అల్లిన గుర్తు. దయచేసి ఎవరూ దిద్దకండి. అల్లిన చేతులు ఏనాటికైనా వెతుక్కుంటూ వస్తాయి."

హెబ్డెన్ ఉత్తరం తీసుకుని తనే మళ్ళీ చదివాడు.

"ఆవిడ పేరేమిటి మేవిస్?"

"మనం అడగలేదండీ."

మర్నాడు ఆరు పేర్లు చదివి గంట కొట్టారు. ఊరు యాభై మూడేళ్ళుగా ఎదురుచూసిన ఆ చేతులు గురువారమే వచ్చి, అద్దమంతా తడుముకుని, ఏడో మనిషి పేరుతో సహా మూడు గంటల బస్సెక్కి వెళ్ళిపోయాయి.