మైనం మీద వేలిముద్ర

వీణకు మెట్లు నిలబెట్టడానికి కరిగించి పోసిన నల్లటి మైనం ఇంకా ఆరలేదు. వీణలు చేసే ఆయన మంచినీళ్లు తాగి గదిలోకి తిరిగొచ్చేసరికి, దాని అంచున బొటనవేలి ముద్ర పడి ఉంది. చిన్నపిల్లల వేలు.

కూతురు బతికున్నప్పుడు ఇదే పని. "ముట్టుకోకు తల్లీ, కాలుతుంది" అని ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టేది కాదు. ఆ పిల్ల పోయి మూడేళ్లు.

వీధి తలుపు గడియ వేసే ఉంది. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

తెల్లారితే వీణ కోసం మనుషులొస్తారు. ముద్ర చెరిపేద్దామని కత్తి వేడి చేశాడు గానీ, చేతులు రాలేదు. భార్యను లేపాడు.

ఆవిడ చాలాసేపు వంగి చూసింది. తర్వాత మూలనున్న పాత వీణ తెచ్చి పక్కన పెట్టింది. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది. పాప చివరిసారి నొక్కిన గుర్తు దాని మైనంలో అలాగే ఉంది.

ఇద్దరూ దీపం దగ్గరికి జరిపి చూశారు. వేలి గీతలు అవే. కొత్త ముద్ర మాత్రం కాస్త పెద్దది.

"పెరుగుతోందండీ," అంది ఆవిడ మెల్లగా. "అక్కడ జడలెవరు వేస్తున్నారో."