రెండో గడి

కుట్టుపని చేసే ఆవిడ తన కొడుకు పైజామాలోంచి నాడా లాగేసి ఎలాస్టిక్ ఎక్కించింది. జైల్లో నాడాలు ఒప్పుకోరు. రెండు జతల బట్టలు, తువ్వాలు, పై కాగితం తీసేసిన సబ్బు. ఏది లోపలికి పోనిస్తారో, ఏది గేటు దగ్గరే పడేయిస్తారో ఆమెకు కంఠతా వచ్చు. వాడికి ఇలా సంచి సర్దడం ఇది నాలుగోసారి. మధ్యాహ్నంలోగా వాడు వెళ్ళి లొంగిపోవాలి.

అప్పుడే యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. ఒకసారి జైలుకెళ్ళినవాళ్ళలో మళ్ళీ ఎంతమంది వెళుతున్నారో, దేశదేశాల లెక్కలు పోల్చి చూస్తోందట. ఒక దేశంలో పదిమందిలో ఇద్దరే వెళతారట. ఇక్కడ ఆరుగురట.

"ఆ దేశంలో తల్లులు అంత బాగా పెంచుతారా?" అంది కుట్టుపని ఆవిడ.

"అదేం లేదమ్మా. ఒక్కో దేశం ఒక్కోలా లెక్కేస్తుంది. కొందరు రెండేళ్ళే చూస్తారు, కొందరు పదేళ్ళు చూస్తారు. అందుకే నేను ఒకటే ప్రశ్న పెట్టుకున్నా. విడుదలయ్యాక మళ్ళీ జైలుకెళ్ళాడా, లేదా? రెండే గడులు."

గుమ్మంలో గోళ్ళు తీసుకుంటున్న కొడుకు నవ్వాడు. "నాకు మొదటి గడి చాలదు మేడం. కాస్త పెద్దది గీయండి."

తల్లి వాడి వీపున ఒక్కటిచ్చింది. మొదటి గడిలో టిక్కు పడింది.

ఇంతలో మేడమీదావిడ మెట్లు దిగి వచ్చింది. అద్దెకు దిగి ఏడాదయింది. ఆమె కొడుకూ ఒకప్పుడు జైలుకెళ్ళినవాడే. ఎవరడిగినా ఆవిడ ఒకటే మాట చెబుతుంది, వాడు మళ్ళీ ఆ గడప తొక్కలేదని. ఈ అమ్మాయికీ అదే చెప్పింది.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. రెండో గడిలో టిక్కు పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఏం చేశారు, ఎలా మార్చుకున్నారు అని గుచ్చి గుచ్చి అడిగింది. కుట్టుపని ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. తనకు ఒక్క ప్రశ్నతో సరిపెట్టి, ఆ అమ్మాయి మేడమీదావిడ దగ్గర అరగంట కూర్చుంది. ఆవిడేమో నేనేమీ చేయలేదమ్మా అంటుంది. పైగా అదొక వినయం.

అమ్మాయి వెళ్ళిపోయినా మేడమీదావిడ కదల్లేదు. తువ్వాలు తీసి మడత పెట్టబోయింది. కుట్టుపని ఆవిడ విసురుగా లాగేసుకుంది.

"నీకేమక్కా, హాయిగా ఉన్నావు. నా సంచితో నీకేం పని? చూసి నవ్వుకోవడానికా?"

"కుళ్ళుకోవడానికి," అంది మేడమీదావిడ. "కిందటిసారి వీణ్ణి వదిలినప్పుడు నువ్వెళ్ళి వెంటబెట్టుకొచ్చావు చూడు, ఆ రోజు నుంచీ కుళ్ళుకుంటూనే ఉన్నా. ఎప్పుడు వదులుతారో నీకు తారీఖు తెలుసు. ఏ గేటు దగ్గర నిలబడాలో తెలుసు. ఈ ఒక్క తువ్వాలూ నన్ను మడతపెట్టనీ."

మేడమీదావిడ కొడుకును పదకొండేళ్ళ కిందట, ఒక బుధవారం పొద్దున తొమ్మిదింటికి వదిలిపెట్టారు. వాడు ఇంతవరకూ ఇంటికి రాలేదు.