చదవని ఉత్తరాలు

పోయినవాళ్లకు అయినవాళ్లు ఉత్తరాలు రాసుకునే సైటొకటి ఉండేది. ఆమె తయారుచేసిన ప్రోగ్రాం వాటన్నిటినీ అడగకుండా ఆమె కంప్యూటర్లోకి తోడేసింది. సైటువాళ్లు కోర్టుకెక్కారు, సైటూ మూసేశారు. ఉత్తరాలిక ఆమె దగ్గరే మిగిలాయి.

"తెల్లారేలోగా అన్నీ చెరిపెయ్యమ్మా. ఒక్కటి మిగిలినా నీ మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు ఫోనులో లాయరు.

ప్రోగ్రాంను మధ్యాహ్నమే ఆపేసింది. ఆఫీసులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక్కొక్కటే చదివి, మనసులో క్షమాపణ చెప్పుకుని చెరిపింది. ఆఖరిదీ పోయింది.

ఖాళీ తెరమీద కొత్తగా ఒక ఉత్తరం చేరింది.

"మా ఆయన రాసింది చెరిపేశావా తల్లీ? నేనింకా చదువుకోలేదు."

దాని కిందే ఇంకొకటి వచ్చింది.

"మావాడిదైనా ఉందా అమ్మా?"