వెనక అద్దం మీద గుండె దడ

ఇప్పుడు ప్రతి కారు వెనక అద్దం మీదా తోలేవాళ్ల గుండె వేగం అంకెల్లో వెలుగుతుంది. వెనకవాళ్ల జాగ్రత్త కోసమట! బెజవాడ ఫ్లైఓవర్ ఎక్కగానే నా అంకె ఎర్రబడింది. వెనక హారన్లు మోగాయి, దాటిపోయే కార్లలో నవ్వులు మొదలయ్యాయి.

నా పక్కన కూర్చున్న ఆడపడుచు వారిజ చున్నీతో మొహం కప్పుకుంది. “పరువు పోతోంది వదినా! ఆ బటన్ నొక్కెయ్. కారే తోలుకుంటది, అంకె కూడా ఆరిపోద్ది.”

చెమట పట్టిన చేతులు ఒక్కొక్కటే చీరకు తుడుచుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాను.

“చూస్తే చూడనీ. భయపడుతున్నానని కనపడుద్ది, అంతేగా? ఆగిపోయానని కాదుగా!”

ఫ్లైఓవర్ దిగినా దడ తగ్గలేదు. మా ఇంటి మలుపు వచ్చింది. నేను ఇంటికి తిప్పలేదు. యూటర్న్ తీసుకుని మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కించాను.