మధ్యలో మనిషి

“సుమా, మీ నాయనకు చెప్పు, పప్పులో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ పోసుకోమని.”

“నువ్వే చెప్పమ్మా. పక్కనే ఉన్నాడు కదా!”

“ఆయప్పతో నాకు మాటలేంది? నువ్వే చెప్పు.”

అమ్మ లక్ష్మీదేవమ్మ ఫోను పెట్టేసింది. సుమలత నాయనకు ఫోను చేసింది. జయరాముడు ఉప్పు గురించి అరగంట మాట్లాడాడు. మధ్యలో, “నువ్వేం వండుకుంటివి మా?” అని అడిగాడు. రోజూ అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికైనా ఆమె లేచి పొయ్యి వెలిగించేది.

భర్తతో విడిపోయాక ఆమె హిందూపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, అక్కడే బడిలో టీచరుగా చేరింది. మొదట్లో ఎవరి ఫోనూ ఎత్తేది కాదు. బాగున్నానని అబద్ధం చెప్పే ఓపిక లేదు. సెలవులొచ్చినా అమ్మానాయనలుండే ధర్మవరం వెళ్ళేది కాదు. అప్పుడే ఒకరోజు అమ్మ ఏడుస్తూ మెసేజీ పంపింది. ఆ సంబంధం తెచ్చింది నువ్వంటే నువ్వని నాయనా తనూ పోట్లాడుకున్నారనీ, మాటలు మానేశారనీ దాని సారాంశం. అప్పటి నుంచీ ఒకే మగ్గం, ఒకే పొయ్యి అయినా, వాళ్ళ మాటలు మాత్రం సుమలత ఫోను గుండానే పోవాలి. తన కాపురం కూలి వాళ్ళ కాపురం మీద పడిందని ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఆ ఆదివారం బడి వాళ్ళు ఆమెను కౌన్సెలింగ్ శిక్షణకు పెనుకొండ పంపారు. పాఠం చెబుతున్న శారదమ్మ బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి గీతలతో కలిపింది.

“ఇంట్లో ఒకరు కదిలితే అందరూ కదుల్తారు. ఇద్దరికి పొసగకపోతే మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారు. ఆ మనిషి మాటలు మోసినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చోరు. ఇప్పుడు ఎవరి కుటుంబం బొమ్మ వాళ్ళు గీయండి.”

సుమలత అమ్మకూ నాయనకూ మధ్య రంపం పళ్ళలాంటి గీత గీసింది. వాళ్ళిద్దరి నుంచి తన దాకా చెరో గీత గీసి ఆపేసింది. శారదమ్మ ఆ కాగితం మీదికి వంగి చూసింది.

“ఇంకెవరూ లేరా? స్నేహితులు, చుట్టాలు?”

“లేరు మేడం.”

“బరువంతా నీ మీదనే ఉండాది. నువ్వు పక్కకు తప్పుకోమ్మా. అప్పుడు వాళ్ళే మాట్లాడుకుంటారు.”

“నేను తప్పుకుంటే... నాకెవరు ఫోను చేస్తారు మేడం?”

అనుకోకుండా నోటి నుంచి వచ్చేసిందా మాట. శారదమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రం సుమలత హిందూపురం బస్సెక్కలేదు. ధర్మవరం బస్సెక్కింది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. ‘ఇక మీ మాటలు నేను మోయను. మీరిద్దరే మాట్లాడుకోండి.’ ఆ తర్వాత తన సాయంత్రాలు ఎలా ఉంటాయో ఊహించుకుంది. గోడలు, ఫ్యాను చప్పుడు, ఒక్క పళ్ళెం. అయినా దిగి వెనక్కి పోలేదు. తన ఒంటరితనం కోసం కన్నవాళ్ళను విడదీసి ఉంచడం న్యాయం కాదనిపించింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తలుపు ఓరగా వేసి ఉంది. తట్టబోయి చెయ్యి ఆపింది. లోపల అమ్మ పకపకా నవ్వుతోంది.

“చాల్లే పోయ్యా, ఈ వయసులో నీ పరాచికాలు!”

“నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఆడల్లనే? ఆ టీ ఇట్లియ్యి, చల్లారిపోతాది.”

వాళ్ళు కలిసిపోయారు! ఆమె తప్పుకోకుండానే కలిసిపోయారు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే గుండెలో ఏదో ఖాళీ అయినట్టయింది. ఇక ఈ ఇంటికి తనతో పని లేదు. పిలవకుండానే వెళ్ళిపోదామని మెట్టు దిగింది.

లోపల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. వెంటనే నాయన గొంతు వినిపించింది.

“బిడ్డకు ఫోను చేసే పొద్దాయ.”

“అవును, మనం చేయకుంటే అది పొయ్యి కూడా ఎలిగించదు,” అంది అమ్మ. “సరే, ఈ పొద్దు దేనికి కొట్లాడినామని చెబుదాం?”