వంటగదిలో పీహెచ్‌డీ

“మళ్ళీ ఫ్రిజ్ మీద లెక్కలు రాసింది చూడు!” శేషుకుమారి తడిగుడ్డ సింకులోకి విసిరింది.

“తుడిస్తే పోయేదేగా!” భర్త సంజయ్ నవ్వాడు. “సెలామ్ అంటే నీకెందుకే అంత కడుపుమంట?”

ఎందుకో ఆమెకు తెలుసు. గుంటూరులో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, పీహెచ్‌డీ కోసమే దేశం దాటి క్లేటన్‌లోని యూనివర్సిటీకి వచ్చింది. స్కాలర్‌షిప్ దొరకలేదు. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ వీసా కోసం అకౌంటింగ్‌కి మారింది. ఇప్పుడు ట్రుగనీనాలో ఒక గోడౌన్‌కి జీతాల లెక్కలు చూస్తోంది. శనివారాలు ఇంట్లోనే తెలిసినవాళ్ళ ట్యాక్స్ పనులు.

వీళ్ళ పక్కగదిలో అద్దెకుంటున్న ఇథియోపియా అమ్మాయి సెలామ్ మాత్రం, అదే యూనివర్సిటీలో మ్యాథ్స్ పీహెచ్‌డీ చేస్తోంది. ఆఫ్రికా అమ్మాయిల కోసం ఎవరో పేరు చెప్పని దాత పెట్టిన స్కాలర్‌షిప్ అది.

“ఆ దాతకి మన దేశం పిల్లలు కనపడలేదా?” అన్నాడు సంజయ్.

శేషుకుమారికి తన చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. నాన్న ఇథియోపియాలో మాస్టారుగా ఉన్న రోజుల్లోనూ ఇంతే. క్లాసులో ఎప్పుడూ అక్కడి పిల్ల అల్మాజే ఫస్టు, తను సెకండు. ఏడ్చేది. హైస్కూలు కాగానే అల్మాజ్‌కి చదువు మాన్పించేశారు.

సెలామ్ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆంటీ, వచ్చే నెలతో నా స్కాలర్‌షిప్ అయిపోతోంది. థీసిస్‌కి ఇంకో ఆరునెలలు పడుతుంది. దాత పొడిగించకపోతే ఇంటికి వెళ్ళిపోవాలి.”

శేషుకుమారికి ఒక్కక్షణం లోపల చల్లగా అనిపించింది. పోతే పోనీ.

“ఎక్కడ ఆగింది నీ ప్రూఫ్? చూపించు,” అంది.

సెలామ్ కాగితాలు పరిచింది. మూడో లైను తర్వాత శేషుకుమారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకప్పుడు అర్థమయ్యేదే. లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

“ఈ శనివారమైనా పని మానెయ్. బీచ్‌కి పోదాం,” అన్నాడు సంజయ్.

“కుదరదు. ఇంకో ఆరునెలలు ఏ శనివారమూ కుదరదు.”

తర్వాతి వారం సెలామ్ పరిగెత్తుకుంటూ వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది. “పొడిగించారు ఆంటీ! థీసిస్ పూర్తయ్యేదాకా!”

శేషుకుమారి కట్టెలా నిలబడింది. సెలామ్ అమ్మకి ఫోన్ చేసుకోవడానికి గదిలోకి వెళ్ళింది.

“ఇప్పుడైనా కాస్త నవ్వవే,” అన్నాడు సంజయ్. “ఆ దాతను చూసి నేర్చుకో. ఎంత మంచి మనసో!”

“నేనింకా కుళ్ళుకుంటూనే ఉన్నాను,” అంది శేషుకుమారి.

ఆమె అబద్ధం చెప్పలేదు. గదిలోంచి సెలామ్ నవ్వు వినిపించిన ప్రతిసారీ గుండెలో ముల్లు కదులుతూనే ఉంది.

ఆ దాత ఆమే.