చూసి రా, అంతే

నీతిశాస్త్రం క్లాసు మొదలైన రోజున వెనక బెంచీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

మాస్టారు హాజరు పిలవడం ఆపి, ఎవరికోసం వచ్చారని అడిగారు.

"నాకోసమేనండీ. పాఠం వినడానికి."

క్లాసంతా గొల్లుమంది. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వింది.

పరీక్షలు రాయకుండా ఊరికే పాఠాలు వినడానికి యూనివర్సిటీ పెద్దవాళ్ళను రానిస్తుందని, ఆవిడ ఆఫీసులో ముందే అడిగి వచ్చిందని తర్వాత తెలిసింది. బతుకంతా బట్టలు కుట్టి, చూపు మందగించాక మిషను మూలన పెట్టేసిందట.

పిల్లలు ఆవిడకు పెద్దమ్మ అని పేరు పెట్టారు.

బస్సు ఆలస్యమై రోజూ అందరికన్నా చివర వచ్చే ఒక అమ్మాయికి పెద్దమ్మ పక్క చోటే మిగిలేది. పెద్దమ్మకు బోర్డు కనిపించదు. అమ్మాయి గుసగుసగా చదివి వినిపించేది. తెగిపోయిన ఆమె సంచీ పట్టీని పెద్దమ్మ తడుముకుంటూనే కుట్టి ఇచ్చింది.

ఆ ఏడాది పాఠం, నాగరికత అంటే ఏమిటని. గోడలూ వంతెనలూ కట్టుకోవడమా, పగ తీర్చుకునే పనిని చట్టం చేతిలో పెట్టడమా? ఈ ప్రశ్నలు అమ్మాయిని ఇంటిదాకా వెంటాడేవి. అన్నం తింటూ తల్లితో వాదనకు దిగేది. లాండ్రీలో పొద్దంతా ఇస్త్రీ చేసి వచ్చిన తల్లి కళ్ళు మూతలు పడుతుంటే ఊఁ కొట్టేది.

ఒకనాడు అమ్మాయికి మేనత్త ఫోన్ చేసింది. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక లేవడు. కూతుర్ని ఒక్కసారి చూడాలంటున్నాడు.

అమ్మాయి అక్షరాలు దిద్దుకునే వయసులోనే అతను ఇంకో సంసారం పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మంలో కూర్చుని వీధి చివరికి చూస్తూ ఉండే తల్లి మొహం ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

"వెళ్తే వెళ్ళు, మానితే మాను. నన్ను మాత్రం అడక్కు," అంది తల్లి.

అమ్మాయి వెళ్ళలేదు.

ఆ వారమే సెమినార్లో ఆమె వంతు వచ్చింది. క్షమకు హద్దులు ఉండాలని మాట్లాడింది. తప్పు చేసినవాణ్ణి ఊరికే క్షమించడం, బాధపడ్డవాళ్ళను రెండోసారి అవమానించడమేనంది. క్షమాపణ అడిగే అర్హతను కూడా కొందరు పోగొట్టుకుంటారంది. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి. వ్యాసంగా రాసి పత్రికకు పంపమన్నారు మాస్టారు.

పెద్దమ్మ చప్పట్లు కొట్టలేదు. క్లాసయ్యాక అమ్మాయిని క్యాంటీన్‌కు తీసుకెళ్ళింది.

"ఎవర్ని గురించి తల్లీ, అదంతా?"

అమ్మాయి బుకాయించబోయి, చివరికి అంతా చెప్పేసింది.

పెద్దమ్మ టీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పింది.

"చూసి రా," అంది.

"నేను చెప్పిందేదీ మీకు ఎక్కలేదా?"

"ఎక్కింది. అందులో తప్పేం లేదు. క్షమించమని నేననడం లేదు. చూసి రా, అంతే."

అమ్మాయికి ఒళ్ళు మండింది.

"మీకేం, ఎన్నయినా చెప్తారు. మీకెవరూ అన్యాయం చేసి ఉండరు. అందుకే అంత తేలిగ్గా నోటికొస్తోంది."

పెద్దమ్మ గ్లాసు పక్కన పెట్టి, చేతికర్ర వెతుక్కుని లేచింది. రోజూ మెట్లు దిగేటప్పుడు చెయ్యి అందించే అమ్మాయి ఆ రోజు కదల్లేదు.

మర్నాడు పెద్దమ్మ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఖాళీ చోటు పక్కన కూర్చుని అమ్మాయి ఎంతకాలమని కోపం మోస్తుంది? ఒక మధ్యాహ్నం పాఠం సగంలో ఉండగా లేచి, ఆసుపత్రికి వెళ్ళింది.

తండ్రి ఎండిపోయి, పోల్చుకోలేనట్టు ఉన్నాడు. క్షమించమన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. తల కొంచెం ఎత్తిపట్టి చెంచాతో నీళ్ళు తాగించింది. ఏం చదువుతున్నావని అడిగితే చెప్పింది. అతనికి ఏం అర్థమైందో ఏమో, మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోందని పక్క మంచం వాళ్ళతో గొప్పగా చెప్పుకున్నాడు. ఆ ముక్కకు ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ వారం దాటకుండానే అతను పోయాడు.

క్షమించిందో లేదో ఆమెకే తెలియదు. వెళ్ళకపోయి ఉంటే ఆ బరువు జన్మంతా దిగేది కాదని మాత్రం తెలుసు. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పాలి. అన్న మాటకు తప్పు ఒప్పుకోవాలి.

ఆఫీసులో అడ్రసు కనుక్కుని వెళ్ళింది. ఇరుకు సందులో ఒంటి గది ఇల్లు. నేల తుడుస్తున్న నడివయసు మనిషి లేచి వచ్చాడు. లోపల మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

పెద్దమ్మ పోయిందట. గుండె జబ్బు ఎప్పటినుంచో ఉందట. మంచాన పడ్డాక లేపి కూర్చోబెట్టడం, అన్నం తినిపించడం, మందులు వెయ్యడం అన్నీ తానే చూసుకున్నానని అతను నెమ్మదిగా చెప్పాడు.

"నా మీద కోపంగా ఉండేవారా?" అని అడిగింది అమ్మాయి.

"లేదమ్మా. ఆ పిల్ల వాళ్ళ నాన్నని చూసొచ్చిందో లేదో అని అడుగుతూ ఉండేది."

ఆమె కళ్ళు తుడుచుకుని, అమ్మను చివరిదాకా కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారని అతనితో అంది.

అతను చేతిలో గుడ్డను మెలిపెడుతూ నేలకేసి చూశాడు.

"నేను కొడుకుని కాదమ్మా. ఆవిడ ఒక్కగానొక్క కొడుకుని తాగిన మైకంలో పొడిచి చంపినవాణ్ణి; జైల్లో ఉన్నన్నాళ్ళూ నన్ను చూడ్డానికి వచ్చింది ఆవిడొక్కతే."